ఆగస్టు వచ్చేసరికి నా బుల్‌పెన్ చేతులెత్తేస్తోంది, రిలీవర్లను ఎలా వాడుకోవాలి?

ప్రశ్న: కాకినాడ_క్లోజర్

అందరికీ నమస్కారం. అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ (కంప్యూటర్‌లో బేస్‌బాల్ జట్టుని మేనేజర్‌గా నడిపే ఆట) ఆడేవాళ్లు ఇక్కడ కొంతమంది ఉన్నారని పాత పోస్టులు చూస్తే తెలిసింది. అందుకే అడుగుతున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. కొత్తవాళ్ల కోసం ఒక మాట: బంతి వేసేవాడు పిచర్, మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ స్టార్టర్, అతని తర్వాత వచ్చేవాళ్లు రిలీవర్లు. ఆ రిలీవర్ల గుంపునీ, వాళ్లు వార్మప్ అయ్యే చోటునీ బుల్‌పెన్ అంటారు.

నాది కల్పిత ఆటగాళ్ల లీగ్. 162 మ్యాచ్‌ల సీజన్, ఇప్పుడే మూడోది ముగిసింది. నైట్ షిఫ్ట్ అయ్యాక, తెల్లవారుజామున రోజుకు రెండు మూడు మ్యాచ్‌లు నేనే కూర్చుని ఆడతాను. కంప్యూటర్‌కి వదిలేయను. ఎప్పుడు ఎవరు వార్మప్ కావాలి, ఎప్పుడు ఎవరు మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీదకి రావాలి, అన్నీ నా చేతిలోనే. ఎనిమిది నెలల కష్టం ఆగస్టులో మూడు వారాల్లో పోయింది. ఇంకా మనసులోంచి పోవట్లేదు.

జూన్ మధ్యకి 41-27తో (41 గెలుపులు, 27 ఓటములు) మా డివిజన్‌లో మేమే పైన. స్టార్టర్లు అంత గొప్పవాళ్లు కాదు, ఐదో ఇన్నింగ్స్ గడిస్తే చాలనుకునే రకం (మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు). జట్టును నిలబెట్టింది ముగ్గురు రిలీవర్లు. క్లోజర్ (ఆఖరి ఇన్నింగ్స్ వేసేవాడు), సెటప్ పిచర్ (క్లోజర్‌కి ముందు వేసేవాడు), ఒక ఎడమచేతి వాటం కుర్రాడు (లెఫ్టీ). వీళ్లు వస్తే మ్యాచ్ అయిపోయినట్టే అని అవతలి జట్టుకీ తెలుసు అన్నంత నమ్మకం నాకు. పేర్లు చెబితే మీకు అర్థం ఉండదు గానీ, 41 నంబరు క్లోజర్ అంటే నాకు ప్రాణం. మొదటి సీజన్‌లో డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేది) ఆరో రౌండ్‌లో తీసుకున్నాను. కింది స్థాయి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కించి తెచ్చుకున్నాను.

జూన్‌లో ఒక మ్యాచ్ చెబుతాను, నా పద్ధతి మీకు తెలుస్తుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 7-2తో ముందున్నాం. ఐదు పరుగుల ఆధిక్యం. అయినా టెన్షన్. ఎందుకొచ్చిన గొడవ అని సెటప్ పిచర్‌ని దింపాను. అంతకు ముందు రోజు కూడా వేశాడతను. ఒక వాక్ (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్), ఒక హోమ్‌రన్ (బంతి కంచె దాటితే, కొట్టినవాడికీ బేస్‌ల మీద ఉన్నవాళ్లకీ పరుగు). 7-4. వెంటనే 41 నంబరుని వార్మప్‌కి లేపి దింపాను. నాలుగు అవుట్లు తీశాడు, గెలిచాం, కానీ అందుకు 31 బంతులు పట్టాయి. మర్నాడు నిజంగానే 3-2 మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్. తెర మీద అతని పేరు పక్కన అలసిపోయాడన్న గుర్తు కనిపిస్తోంది. బుల్‌పెన్‌లో మిగతావాళ్లు తాజాగా ఉన్నారు. అయినా అతన్నే తెచ్చాను. రెండు హిట్లు, ఒక డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్), ఓడిపోయాం.

అలాంటివి ఎన్ని జరిగాయో. జులై ఆఖరికి 107 మ్యాచ్‌లు అయితే అందులో 55 మ్యాచ్‌లలో అతనే వేశాడు. సెటప్ పిచర్ 58. లెఫ్టీ 52. ఆగస్టు 9న 41 నంబరుకి మోచేతి లిగమెంట్ తెగింది. పద్నాలుగు నెలలు ఆటకి దూరం అని తెర మీద రాగానే కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను. సెటప్ పిచర్ అప్పటికే ఎవరు పడితే వాళ్లు కొట్టేలా తయారయ్యాడు. 84-78తో ముగించాం, ప్లేఆఫ్ రెండు మ్యాచ్‌ల తేడాతో తప్పిపోయింది.

నాకు తెలియాల్సింది ఇది. ఒక రిలీవర్ ఎన్ని బంతులు వేస్తే ఎన్ని రోజులు ఆపాలి? వరసగా ఎన్ని రోజులు వాడొచ్చు? అన్నిటికన్నా ముఖ్యం, ఆధిక్యం నిలబెట్టుకోవాల్సిన సమయంలో మంచి పిచర్‌ని కూర్చోబెట్టి, నాసిరకం వాణ్ని పంపడానికి మనసు ఎలా ఒప్పుకుంటుంది మీకు?

జవాబు: ఉప్పల్_నార్త్‌స్టాండ్

నేను బేస్‌బాల్ సిమ్యులేషన్ ఆట ఆడటం మొదలుపెట్టి ఏడాదే అయింది, కానీ క్రికెట్ పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి ఒక మాట.

టీ20లో ఒక బౌలర్‌కి నాలుగు ఓవర్లే. కెప్టెన్‌కి ఎంత ఆశ ఉన్నా ఐదో ఓవర్ ఇవ్వలేడు, రూలే ఆపేస్తుంది. బేస్‌బాల్‌లో అలా ఆపేవాళ్లు లేరు. నిన్న వేసినవాడు ఇవాళ వేయొచ్చు, రేపూ వేయొచ్చు. మీరు ఆపితేనే ఆగుతుంది.

2025లో ఇంగ్లండ్‌లో మనవాళ్లు ఐదు టెస్టులు ఆడారు కదా. బుమ్రా మూడే ఆడతాడని సిరీస్ మొదలవకముందే చెప్పేశారు, మూడే ఆడాడు. మన సిరాజ్ ఐదూ ఆడాడు. 185.3 ఓవర్లు, అంటే 1,113 బంతులు. ఆఖరి రోజు ఓవల్‌లో 6 పరుగుల తేడాతో మనల్ని గెలిపించిందీ అతనే. ఒకే కోచ్, ఒకే సిరీస్, ఇద్దరి శరీరాలకీ రెండు రకాల లెక్కలు. ఇందులో నాకు నచ్చింది, బుమ్రా విషయం ముందే తేల్చుకోవడం. మ్యాచ్ వేడిలో కూర్చుంటే ఎవరికైనా మంచి బౌలరే కనిపిస్తాడు.

మీరు కూడా మొదటి బంతి పడకముందే, ఇవాళ ఫలానా ఇద్దరు లేరు అని కాగితం మీద రాసుకోండి. ఒంట్లో బాగోక ఇంటి దగ్గర ఉన్నారనుకోండి. ఆ తర్వాత స్కోరు ఎలా ఉన్నా ఆ కాగితం మార్చకండి. నాకు ఈ ఒక్క అలవాటుతో చాలా తేడా వచ్చింది.

జవాబు: ఫ్రిస్కో_పాతకాపు

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆరో రౌండ్ కుర్రాణ్ని పెంచుకోవడం, వాడి చేయి పోతే ల్యాప్‌టాప్ మూసేయడం, ఇదంతా నాకు బాగా తెలుసు. నేను ఈ ఆట పదకొండేళ్లుగా ఆడుతున్నాను.

ముందు ఒక లెక్క చూడు. ఇది చూశాక నేను నా పద్ధతే మార్చుకున్నాను. నీ స్టార్టర్లు సగటున ఐదు ఇన్నింగ్స్, ఒక అవుట్ వేస్తారనుకుందాం. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్. అంటే బుల్‌పెన్ మీద రోజుకి మూడు ఇన్నింగ్స్, రెండు అవుట్ల బరువు పడుతుంది. 162 మ్యాచ్‌లకి 594 ఇన్నింగ్స్. నీ ముగ్గురు వీరులు తలా 65 ఇన్నింగ్స్ వేసినా 195. ఇంకా 399 మిగిలాయి. అవి ఎవరు వేస్తారు? నువ్వు నమ్మనివాళ్లే. నీకిష్టం ఉన్నా లేకపోయినా నీ సీజన్‌లో ఎక్కువ భాగం వాళ్ల చేతిలోనే ఉంది. వాళ్లని ఎప్పుడు దింపాలన్నది మాత్రమే నీ చేతిలో ఉంది. జూన్‌లో ఐదు పరుగుల ఆధిక్యంలో దింపుతావా, ఆగస్టులో వేరే దిక్కు లేక ఒక్క పరుగు ఆధిక్యంలో దింపుతావా?

నువ్వు చెప్పిన ఆ 7-2 మ్యాచ్‌లో సెటప్ పిచర్‌కి హోమ్‌రన్ పడటం నీ తప్పు కాదు. అతన్ని అసలు లేపడం తప్పు. నాలుగు పరుగులు, అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే, ముందున్నా వెనకున్నా, నా మంచి ముగ్గురూ కుర్చీ దిగరు. ఒక్క మినహాయింపు ఉంది. నాలుగు రోజులుగా బంతి ముట్టుకోనివాడు ఉంటే, చేయి మొద్దుబారకుండా ఒక ఇన్నింగ్స్ ఇస్తాను.

ఇప్పుడు బంతుల సంగతి. ఆటలో అలసట శాతం కనిపిస్తుంది, అది చూడాల్సిందే. కానీ నాకు దానికి తోడు మా అబ్బాయి రూళ్ల నోట్‌బుక్ ఒకటి ఉంది. అడ్డంగా తేదీలు, నిలువుగా ఎనిమిది మంది. వేసిన బంతులు గడిలో రాస్తాను. పాతిక దాటితే మర్నాడు సెలవు. ముప్పై అయిదు దాటితే రెండు రోజులు. వరసగా రెండు రోజులు వేస్తే, పది బంతులే వేసినా సరే, మూడో రోజు లేడు. అయిదు రోజుల్లో నాలుగుసార్లు ఎవరూ వేయకూడదు. ఇవన్నీ నేను పెట్టుకున్న గీతలు, శాస్త్రం కాదు. నీ పిచర్ స్టామినా ఎంత, గాయాల స్వభావం ఎలాంటిది అన్నదాన్ని బట్టి అటూ ఇటూ జరుపుకో. ఆటగాడి పేజీలో ‘ఐరన్ మ్యాన్’ (గాయాలు అరుదు) అని ఉన్నవాడికీ ‘ఫ్రాజైల్’ (తేలిగ్గా గాయపడేవాడు) అని ఉన్నవాడికీ ఒకే గీత గీస్తే ఇద్దరికీ అన్యాయమే. నీ 41 నంబరుకి ఏం రాసి ఉందో ఒకసారి చూడు.

నోట్‌బుక్‌లో ఇంకో గుర్తు పెడతాను, చిన్న సున్నా. వార్మప్ అయి, మ్యాచ్‌లోకి రాకుండా కూర్చున్నవాడికి అది. ఎందుకో చెబుతాను.

మా ఊళ్లో ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ అని డబుల్-ఎ (అమెరికా మేజర్ లీగులకి రెండు మెట్లు కింద) జట్టు ఉంది, మేజర్ లీగ్ జట్టు టెక్సస్ రేంజర్స్‌కి అనుబంధం. ఇక్కడి రైడర్స్ ఫీల్డ్‌లో బుల్‌పెన్లు ప్రేక్షకుల సీట్ల మధ్యలోకే ఉంటాయి. కంచె పక్కన కూర్చుంటే పిచర్ ఊపిరి వినిపిస్తుంది. ఒక జులై సాయంత్రం నేనూ మా చిన్నోడూ అలా కూర్చున్నాం. ఏడు గంటలైనా వేడి సెగ కొడుతోంది. ఆరో ఇన్నింగ్స్‌లో ఫోను మోగింది, ఒక పొడుగాటి లెఫ్టీ లేచాడు. మొదట మెల్లగా, తర్వాత కొంచెం కొంచెంగా జోరు పెంచి వేశాడు. క్యాచర్ గ్లవ్‌లో బంతి పడిన ప్రతిసారీ చెక్క మీద సుత్తితో కొట్టినట్టు చప్పుడు. మా వాడు వేళ్ల మీద లెక్కపెట్టాడు, 18. ఇన్నింగ్స్ అయిపోయింది, ఆ లెఫ్టీ కూర్చున్నాడు. తువ్వాలు మెడ చుట్టూ వేసుకున్నాడు. ఏడో ఇన్నింగ్స్‌లో మళ్లీ లేపారు, 15 బంతులు. మళ్లీ కూర్చోమన్నారు. ఎనిమిదిలో మూడోసారి, 20 బంతులు. ఆ చివరి అయిదారూ పూర్తి బలంతో వేసినవే, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆఖరికి లోపలికి వెళ్లింది వేరేవాడు. మా వాడు నన్ను అడిగాడు, “నాన్నా, ఆయన ఇవాళ ఆడినట్టా, ఆడనట్టా?” అని. స్కోరు పట్టీలో అతని పేరే లేదు. 53 బంతులు వేశాడు.

ఆ రోజు నుంచి నా ఆటలో ఎవరినైనా లేపానంటే దించడానికే లేపుతాను. ముందు జాగ్రత్తగా ఒకసారి లేపి, కూర్చోబెట్టి, మళ్లీ లేపే అలవాటు మానేశాను. తప్పక లేపాల్సి వస్తే ఆ సున్నాని సగం రోజు పనిగా లెక్కేసుకుంటాను. ఆటలో దానికి ఎంత కోత పడుతుందన్నది పక్కన పెట్టు, అసలు మేనేజర్‌గా ఆలోచించడం అలాగే అలవాటవుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పిచర్లు 13 మంది, అందులో స్టార్టర్లు అయిదుగురు పోతే ఎనిమిది మంది రిలీవర్లు. ఈ ఎనిమిదిలో ఒకడు కచ్చితంగా మూడు ఇన్నింగ్స్ వేయగల లాంగ్ రిలీవర్ అయి ఉండాలి. స్టార్టర్ మూడో ఇన్నింగ్స్‌లోనే కుదేలైన రోజున అతను ఒక్కడే నీ బుల్‌పెన్ మొత్తాన్ని కాపాడతాడు. ఆఖరి రెండు స్థానాలు మైనర్ లీగ్‌కి పంపే ఆప్షన్ ఉన్న కుర్రాళ్లకి ఉంచు. ఒకడు రెండు ఇన్నింగ్స్ వేసి అలిసిపోతే, అతన్ని ట్రిపుల్-ఎకి (మేజర్ లీగులకి ఒక్క మెట్టు కింద) పంపి అక్కడి నుంచి తాజా చేయిని తెచ్చుకో. అసలు మేజర్ లీగుల్లో కూడా ఇదే చేస్తారు. అందుకే ఒక ఆటగాణ్ని సీజన్‌లో అయిదుసార్లకి మించి అలా కిందికి పంపకూడదని 2022లో నిబంధన తెచ్చారు. పంపిన పిచర్ మామూలుగా 15 రోజులు అక్కడే ఉండాలి, ఎవరికైనా గాయమైతే తప్ప.

స్టార్టర్లని మరీ తొందరగా తీసేస్తున్నావేమో చూసుకో. సగటు ఆరు ఇన్నింగ్స్‌కి వచ్చిందా, బుల్‌పెన్ బరువు 594 నుంచి 486కి పడిపోతుంది. 108 ఇన్నింగ్స్ అంటే ఒకటిన్నర మంది రిలీవర్ల ఏడాది పని. 6-1తో ముందున్నప్పుడు, 85 బంతులు వేసిన స్టార్టర్‌ని ఆరో ఇన్నింగ్స్‌కి కూడా పంపించు. ఒక పరుగు ఇస్తే ఇచ్చాడు.

ప్రశ్న అడిగినవారు: కాకినాడ_క్లోజర్

అన్నా, ముందుగా దండం. ఆ 399 లెక్క చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఇన్నాళ్లూ మిగతా అయిదుగురు రిలీవర్లనీ నేను మనుషుల్లా చూడలేదు. పెద్ద తేడా ఉన్న మ్యాచ్‌లలో చెత్త ఇన్నింగ్స్ పారేయడానికి పెట్టుకున్నట్టు వాడాను. ఏడో రిలీవర్ ఒకసారి పదకొండు రోజులు వరసగా ఖాళీగా కూర్చున్నాడు. అదే పదకొండు రోజుల్లో లెఫ్టీ ఏడు మ్యాచ్‌లు వేశాడు. నిన్న రాత్రి పాత మ్యాచ్‌ల రికార్డు తిరగేసి చూస్తే బయటపడింది.

41 నంబరు పేజీ కూడా చూశాను. ‘ఫ్రాజైల్’ అని ఉంది. మూడేళ్లుగా అక్కడే ఉంది. స్లైడర్ (పక్కకి తిరిగే బంతి) రేటింగ్ చూసి మురిసిపోయానే గానీ పక్కన ఆ మాట చదవలేదు.

ఒక సందేహం. మూడు పరుగుల ఆధిక్యం, తొమ్మిదో ఇన్నింగ్స్, మామూలుగా అయితే సేవ్ (చిన్న ఆధిక్యాన్ని కాపాడి మ్యాచ్ ముగించిన రిలీవర్ ఖాతాలో పడేది) వచ్చే సందర్భం. క్లోజర్ నిన్న 14 బంతులు వేశాడు, మొన్న ఖాళీ. వాడొచ్చా?

జవాబు: ఫ్రిస్కో_పాతకాపు

వాడొచ్చు, గీతల ప్రకారం తప్పేం లేదు. కానీ వాడే ముందు రెండు చూడు. ఒకటి, అవతలి జట్టులో ఇప్పుడు బ్యాటింగ్‌కి వచ్చేది ఎవరు? ఏడు, ఎనిమిది, తొమ్మిదో నంబరు బ్యాటర్లయితే మూడు పరుగులు నీ నాలుగో రిలీవర్ కూడా కాపాడతాడు. రెండు, రేపు ఎవరితో ఆట? రేపు డివిజన్‌లో రెండో జట్టుతో సిరీస్ మొదలవుతుంటే ఇవాళ సేవ్ కోసం అతన్ని ఖర్చు పెట్టకు. సేవ్ అన్నది గణాంకం పేరు. స్కోరు 3-2, ఎనిమిదో ఇన్నింగ్స్, అవతల మూడు, నాలుగు, అయిదో నంబరు బ్యాటర్లు వస్తుంటే, నీ ఉత్తమ పిచర్ రావాల్సింది అప్పుడు. తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా ఆగితే దాచుకోవడానికి ఆధిక్యమే ఉండకపోవచ్చు. ఆటలో ఇందుకోసమే ‘స్టాపర్’ అనే పాత్ర ఉంది, వాడి చూడు.

జవాబు: న్యూజెర్సీ_స్కోర్‌బుక్

పెద్దాయన అన్నీ చెప్పారు. నేను రెండో వైపు కూడా చెప్పకపోతే ఈ తమ్ముడు రేపటి నుంచి అందర్నీ దాచుకోవడం మొదలుపెడతాడని భయంగా ఉంది. ఇరవై ఏళ్లుగా ఈ ఆట చూస్తున్నాను, స్కోర్‌బుక్ రాస్తాను. కొన్ని రాత్రులు మర్చిపోలేను.

2016 అక్టోబర్ 4, టొరంటోలో వైల్డ్‌కార్డ్ మ్యాచ్. ఓడితే ఇంటికే. బాల్టిమోర్ బుల్‌పెన్‌లో క్లోజర్ జాక్ బ్రిటన్ ఉన్నాడు. ఆ సీజన్‌లో 47 సేవ్ అవకాశాల్లో 47 సేవ్‌లు. 2-2 స్కోరుతో మ్యాచ్ పదకొండో ఇన్నింగ్స్‌లోకి వెళ్లింది. మేనేజర్ బక్ షోవాల్టర్ అతన్ని దింపలేదు. తమ జట్టు ఆధిక్యంలోకి వస్తే వాడదామని ఉంచుకున్నారు. టొరంటో బ్యాటర్ ఎన్‌కార్నసియోన్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టి ముగించేశాడు. ఏడాది పొడుగునా కాపాడుకున్న చేయి ఆఖరి రాత్రి బుల్‌పెన్‌లోనే ఉండిపోయింది. దాచుకునేది ఎప్పుడో ఒకప్పుడు వాడటానికే అని నేను ప్రతి ఏడాదీ ఆ మ్యాచ్ గుర్తు చేసుకుంటాను.

అదే ఏడాది అక్టోబర్ ఆఖర్లో, నవంబర్ మొదట్లో దీనికి పూర్తి వ్యతిరేకం. వరల్డ్ సిరీస్ (మేజర్ లీగుల ఫైనల్), షికాగో కబ్స్‌కీ క్లీవ్‌లాండ్‌కీ మధ్య. అయిదో మ్యాచ్‌లో కబ్స్ క్లోజర్ చాప్‌మన్ ఎనిమిది అవుట్లు తీశాడు, 42 బంతులు. అది చేయక తప్పదు, ఓడితే సిరీస్ పోయేది. ఒక రోజు విరామం. ఆరో మ్యాచ్ ఏడో ఇన్నింగ్స్‌లో కబ్స్ 7-2తో ముందుంది. తమ్ముడూ, నీ జూన్ మ్యాచ్ స్కోరే! అవతలివాళ్లు ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారని మేనేజర్ మ్యాడన్ మళ్లీ చాప్‌మన్‌నే దింపాడు. ఆ తర్వాత ఆధిక్యం ఇంకా పెరిగినా తొమ్మిదో ఇన్నింగ్స్‌కి కూడా పంపాడు. ఇంకో 20 బంతులు. మర్నాడు ఏడో మ్యాచ్, 6-3 ఆధిక్యం, ఎనిమిదో ఇన్నింగ్స్, రెండు అవుట్లు. చాప్‌మన్ వచ్చాడు. డబుల్, 6-4. తర్వాత క్లీవ్‌లాండ్ బ్యాటర్ రాజై డేవిస్ హోమ్‌రన్, 6-6. నా పెన్ను ఆగిపోయింది. చాప్‌మన్ బంతుల్లో రోజూ ఉండే పదును లేదని టీవీ ముందున్న నాకే తెలుస్తోంది. కబ్స్ పదో ఇన్నింగ్స్‌లో 8-7తో గెలిచింది కాబట్టి ఆరో మ్యాచ్‌లో జరిగింది చాలామంది మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. ఆ మూడు మ్యాచ్‌లలో అతను వేసిన 97 బంతుల్లో ఆరో మ్యాచ్‌లోని ఆ 20 వేరేవాళ్లు వేయాల్సినవి.

అలుపు ఎరగని మనుషులు లేరా అంటే, ఉన్నారు. 1974లో డాడ్జర్స్ రిలీవర్ మైక్ మార్షల్ 106 మ్యాచ్‌లలో 208 ఇన్నింగ్స్ పైన వేశాడు. వరసగా 13 మ్యాచ్‌లలో దిగాడు. సై యంగ్ అవార్డు (ఏడాది ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది) కూడా తీసుకున్నాడు. ఆయన మనిషి కదలికల శాస్త్రం చదివి, తర్వాత అందులోనే డాక్టరేట్ తీసుకున్నవాడు, తన శరీరం మీద తనకి పట్టు ఉంది. ఆయన రికార్డు పట్టుకుని మన కుర్రాళ్లని 100 మ్యాచ్‌లకి దింపితే ఎలా? న్యూయార్క్ మెట్స్ లెఫ్టీ పెడ్రో ఫెలిసియానో 2008లో 86, 2009లో 88, 2010లో 92 మ్యాచ్‌లు వేశాడు. మూడేళ్లూ నేషనల్ లీగ్‌లో (రెండు మేజర్ లీగుల్లో ఒకటి) అందరికన్నా ఎక్కువ. తర్వాత యాంకీస్ జట్టువాళ్లు రెండేళ్లకి ఒప్పందం చేసుకున్నారు. భుజం గాయంతో వాళ్ల తరఫున ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. అతను ఎక్కువగా ఒకరిద్దరు బ్యాటర్లకి వేసి వెళ్లిపోయేవాడు. ఇన్నింగ్స్ లెక్క చూస్తే తక్కువే కనిపిస్తుంది. కానీ లేచిన రోజులు చూడండి. పాతకాపు గారు తన నోట్‌బుక్‌లో పెట్టే సున్నా ఎంత అవసరమో ఫెలిసియానో సంఖ్యలు చూస్తే నాకు తెలుస్తుంది.

మేజర్ లీగుల్లో 2020 నుంచి దిగినవాడు కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఇన్నింగ్స్ ముగియాలి. నీ లీగ్‌లో ఆ నిబంధన ఆన్‌లో ఉంటే లెఫ్టీని ఒక్క బ్యాటర్ కోసం లేపడం చాలావరకు కుదరదు. ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసుకో, నీ లెఫ్టీకి కాస్త ఊపిరి ఆడుతుంది.

ప్రశ్న అడిగినవారు: కాకినాడ_క్లోజర్

అక్కా, ఆ 7-2 చదివి ఒళ్లు జలదరించింది. అంతటి మేనేజర్‌కీ అదే భయం ఉందన్నమాట.

నాలుగో సీజన్ మొదలుపెట్టి నలభై మ్యాచ్‌లు అయ్యాయి, అందుకే మళ్లీ రాస్తున్నాను. కిరాణా కొట్లో రూళ్ల నోట్‌బుక్ కొన్నాను. ఎనిమిది మందికీ గడులు గీశాను. మా అమ్మాయి స్కెచ్ పెన్నులతో రంగులు వేస్తుంది. విశ్రాంతి తీసుకున్నవాడికి ఆకుపచ్చ, ఆలోచించాల్సినవాడికి పసుపు, ఇవాళ లేనివాడికి ఎరుపు. ఎరుపు వేశాక నేను బతిమాలినా మార్చదు. ఉప్పల్ వారు చెప్పిన కాగితం పద్ధతి మా ఇంట్లో ఇలా అమలవుతోంది.

23-17తో ఉన్నాం. పోయిన ఏడాది ఇదే సమయానికి 26-14. మూడు మ్యాచ్‌లు తక్కువ, నిజమే, గుండెలో కలుక్కుమంటోంది. వాటిలో రెండు ఆరో రిలీవర్ చేజార్చినవే. కానీ సెటప్ పిచర్‌ని ఈ ఏడాది క్లోజర్ చేశాను, ఇప్పటికి 15 మ్యాచ్‌లే వేశాడు. లెఫ్టీ 14. ఏడో రిలీవర్‌ని లాంగ్ రిలీవర్‌గా మార్చాను. అతని స్టామినా 50 అని ఇన్నాళ్లూ గమనించనే లేదు.

మొన్న తెల్లవారుజామున 5-1తో ముందున్నాం, ఎనిమిదో ఇన్నింగ్స్. ఆరో రిలీవర్ మౌండ్ మీద ఉన్నాడు. ఒక వాక్, తర్వాత హోమ్‌రన్. 5-3. చేయి మౌస్ మీదే ఉంది, క్లోజర్ పేరు మీదే ఉంది. గడి చూశాను, ఎరుపు. ఇరవై ఎనిమిది బంతులు వేశాడు ముందు రోజు. నాలుగో రిలీవర్ పసుపులో ఉన్నాడు, అతన్ని లేపాను. ఎనిమిదో ఇన్నింగ్స్ ముగించాడు, తొమ్మిదిలో ఒక బ్యాటర్‌ని వాక్‌తో పంపాడు, ఇంకొకడు కొట్టిన బంతి కంచె దాకా వెళ్లి ఫీల్డర్ చేతిలో పడింది. ఆఖరి అవుట్ స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ అవుట్). ఆ పిచర్‌కి అది కెరీర్‌లో మొదటి సేవ్. మూడేళ్లుగా నా జట్టులోనే ఉన్నాడు.

41 నంబరు ఇంకా ఇన్‌జ్యూర్డ్ లిస్ట్‌లోనే ఉన్నాడు, అక్టోబర్ దాకా రాడు. వచ్చాక అతన్ని క్లోజర్‌గా కాకుండా, వారానికి రెండుసార్లు ఒక్కో ఇన్నింగ్స్‌కి వాడితే రేటింగ్స్ నిలుస్తాయా? చేయి పోయి తిరిగొచ్చినవాణ్ని మీలో ఎవరైనా అలా నిలబెట్టుకున్నారా?